సగం పేరుతో ఇంటికొచ్చే మందు



సాయంత్రం ఆరు దాటాక బందరు కోనేరు సెంటరు చుట్టుపక్కల ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. జ్వరమని ఒకరు, గొంతునొప్పని ఒకరు, పన్ను వాచిందని ఇంకొకరు వచ్చి రెండు ముక్కల్లో బాధ చెప్తారు. కౌంటర్లో కుర్రాడు డ్రాయరు లాగి స్ట్రిప్పు తీస్తాడు. కత్తెరతో ఆరు బిళ్లలు కోసి, కాగితం కవర్లో వేసి, "పొద్దునొకటి, రాత్రొకటి, తిన్నాక" అంటాడు. ఇంటికెళ్లి ఆ ముక్కను తిరగేసి చూస్తే వెండిరేకు మీద సగం పేరే ఉంటుంది. చివర "సాసిన్" అనో "మైసిన్" అనో కనిపిస్తుంది. మిగతా సగం పేరూ, గడువు తేదీ, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పే ఎర్ర గీతా షాపులోనే ఉండిపోతాయి.

పేరు పోతే ఏమవుతుందిలే అనుకోకండి. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని ఎక్కడ కొడుతుందో ఆ పేరే చెప్తుంది. మన ఒంట్లో ఎక్కడ చెరుపు చేయగలదో కూడా చాలాసార్లు దాన్నిబట్టే తెలుస్తుంది. అయినా యాంటీబయాటిక్కులన్నీ ఒకటే, పవరులోనే తేడా అని మనలో చాలామంది నమ్మకం. "హై పవర్ రాశాడండీ, బాగా వేడి చేసింది" అంటారు. నోరు పూసినా, విరేచనాలు పట్టినా, దద్దుర్లు లేచినా, చెవిలో గుయ్‌మన్నా అన్నీ ఆ వేడి ఖాతాలోకే వెళ్తాయి. మజ్జిగ తాగి ఊరుకుంటారు. నోరు పూస్తే మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు. చెవి గుయ్‌మంటే మాత్రం మజ్జిగ పని కాదు, ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందుగా పెన్సిలిన్ సంగతి. పట్టాభి సీతారామయ్య గారు రాజకీయాల్లోకి పూర్తిగా దిగకముందు ఈ బందరులోనే వైద్యం చేసేవారు. ఆ కాలంలో న్యుమోనియా రోగి మంచం పక్కన ఎంత గొప్ప డాక్టరు కూర్చున్నా చేయగలిగింది బహు స్వల్పం. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్‌ని గుర్తించాడు. అది మందుగా తయారై రోగుల దాకా వచ్చింది 1940లలో.

బ్యాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. కణం లోపల లవణాలు చిక్కగా ఉంటాయి కాబట్టి బయటి నీరు ఎప్పుడూ లోపలికి తోసుకొస్తూ ఉంటుంది. కణం పగలకుండా కాచేది ఆ గోడే. కణం పెరిగేటప్పుడు గోడ పోగులను ఒకదానికొకటి ముడివేసే ఎంజైములు ఉంటాయి. పెన్సిలిన్ వెళ్లి వాటికి అతుక్కుపోతుంది, ఇక ఊడదు. ముడి పడని చోట గోడ బలం తగ్గి, వరదకు దివిసీమలో కరకట్ట గండి పడ్డట్టు తెగుతుంది. నీళ్లు చొరబడి కణం పగిలిపోతుంది. మన కణాలకు అసలు అలాంటి గోడే లేదు. ఈ కుటుంబం మందులను గర్భిణులకూ పసిపిల్లలకూ కూడా డాక్టర్లు ధైర్యంగా రాయగలిగేది అందుకే. అమాక్సిసిలిన్, దానికి క్లావులనేట్ కలిపిన బిళ్ల, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సూదిమందుగా సెఫ్ట్రియాక్సోన్, ఐసీయూలో ఎక్కించే మెరోపెనెమ్ అన్నీ ఈ ఇంటివే.

మరి వీటితో భయం దేనికంటే ఎలర్జీకి. మందు మన కణాలను కొట్టకపోయినా మన రోగనిరోధక శక్తి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. కొందరికి దద్దుర్లతో పోతుంది. ఎప్పుడో ఒకరికి సూది వేసిన నిమిషాల్లోనే గొంతు వాచి, ఊపిరి అందక, బీపీ పడిపోతుంది. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజక్షను. కాబట్టి ఇంటికొచ్చి సూది వేసే ఆరెంపీ గారిని "మీ సంచీలో అడ్రినలిన్ ఉందాండీ" అని అడగడానికి మొహమాటపడకండి. లేకపోతే ఆ సూది ఆసుపత్రిలో వేయించుకోవడమే మంచిది. ఇంకో సంగతి. "నాకు పెన్సిలిన్ పడదు" అని చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటున్న వారిలో చాలామందికి నిజంగా ఎలర్జీ లేదని పరీక్షల్లో తేలుతోంది. అలాగని ఇంట్లో మింగి చూడకండి, ఆ పరీక్ష డాక్టరు ఎదురుగా జరగాలి. క్లావులనేట్ కలిసిన బిళ్ల విరేచనాలు ఎక్కువ చేస్తుంది. అరుదుగా, మందు మానేసిన కొన్ని వారాలకు కామెర్లు తెప్పించవచ్చు. అప్పుడు డాక్టరుకు ఆ పాత మందు పేరు చెప్పగలిగితే సగం పరీక్షలు తప్పుతాయి. సెఫ్ట్రియాక్సోన్‌ని కాల్షియం ఉన్న సెలైన్‌తో కలిపి పురిటిబిడ్డలకు ఎక్కించకూడదు. రెండూ కలిస్తే ఒంట్లో గడ్డకట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

రెండో రకం మందులు గోడ జోలికి పోవు, లోపల ప్రొటీన్లు తయారయ్యే రైబోజోముల దగ్గర పని ఆపేస్తాయి. వీటి కథలో మన భీమవరం మనిషి ఉన్నాడు. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు పెద్దగా ఉండేవారు. అక్కడ ఆయన బృందంలో బెంజమిన్ డగ్గర్ అని డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త ఒకాయన ఉండేవారు. విశ్వవిద్యాలయంలో రిటైరై వచ్చి, ఊరూరి మట్టీ తెప్పించి అందులో సూక్ష్మజీవుల్ని వెతికేవారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి సాన్‌బోర్న్ పొలం మట్టిలో బంగారు రంగు పదార్థం తయారుచేసే జీవి ఒకటి దొరికింది. ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. 1994లో సూరత్‌లో ప్లేగు అని గుప్పుమన్నప్పుడు జనం షాపుల మీద పడి కొనుక్కున్నది ఈ జాతి గొట్టాలే.

ఈ కుటుంబంలో ఇవాళ మనకు ఎక్కువగా పనికొచ్చేది డాక్సీసైక్లిన్. డెల్టాలో దాని అవసరం మరీ ఎక్కువ. నాట్ల రోజుల్లో మడిలో మోకాలిలోతున దిగినప్పుడు, కాలిమీద చిన్న గాయం ఉంటే, ఎలుక మూత్రం కలిసిన నీళ్లలోంచి లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం. దీన్నే ఎలుక జ్వరం అంటున్నారు. పొదల్లో తిరిగే సన్నటి నల్లి కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఇంకొకటి. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మాడు మచ్చ ఉంటే దాన్ని అనుమానించాలి. నొప్పి పుట్టదు కాబట్టి రోగి దాన్ని చూసుకోడు, బట్ట తొలగించి డాక్టరే వెతకాలి. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల కాపురం ఉంటుంది. గోడమీద దెబ్బకొట్టే పెన్సిలిన్, సెఫిక్సిమ్ దానిమీద పనిచేయవు. అయిదు రోజులు "హై పవర్" సూదులు పడినా జ్వరం దిగని మనిషికి ఖరీదు తక్కువైన డాక్సీ బిళ్లతో రెండు రోజుల్లో దిగడం డాక్టర్లందరూ చూసిందే. పవరు అనే మాట ఎంత అర్థం లేనిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

డాక్సీకి దాని పేచీలు దానికి ఉన్నాయి. టెట్రాసైక్లిన్లు కాల్షియాన్ని, ఇనుమును పట్టుకుంటాయి. పాలతోనో, గ్యాసు మందుతోనో, రక్తహీనతకిచ్చే ఐరన్ బిళ్లతోనో కలిపి మింగితే మందు కడుపులోనే చిక్కుకుపోయి రక్తంలోకి తక్కువ చేరుతుంది. పెరిగే పళ్లలో ఉన్న కాల్షియాన్ని కూడా ఇలాగే పట్టుకుని పసుపు మచ్చలు వేస్తాయి కాబట్టి చిన్నపిల్లలకూ గర్భిణులకూ మామూలుగా ఇవ్వరు. స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణాంతకమైన జబ్బులో పిల్లలకు కొద్దిరోజులు ఇవ్వవచ్చు, ఆ తూకం డాక్టరు చూసుకుంటారు. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే బిళ్ల అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లు తాగి అరగంట కూర్చోవాలి. ఇంకొకటి, ఇది మన కూలీలకు ఎవరూ చెప్పరు: డాక్సీ వాడుతున్నప్పుడు ఎండ చర్మాన్ని తొందరగా కాల్చేస్తుంది. నాట్లకు వెళ్లే మనిషికి డాక్సీ రాసి, ఎండలోకి వెళ్లేటప్పుడు తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా వేసుకోమని చెప్పకపోతే ఆ చీటీ సగమే రాసినట్టు.

సుబ్బారావు గారి పేరు ఎత్తాను కాబట్టి సల్ఫాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. మనం దాన్ని ఆకుకూరల్లోంచి తెచ్చుకుంటాం. చాలా బ్యాక్టీరియాలు సొంతంగా తయారుచేసుకుంటాయి. 1930ల్లో వచ్చిన సల్ఫా మందులు ఆ తయారీనే ఆపుతాయి. మనకా తయారీ లేదు కాబట్టి మనకు దెబ్బ తగలదు. పాతతరం వారు సెప్ట్రాన్ అని అడిగే బిళ్లలో ఉన్నది సల్ఫానే, జతగా ట్రైమెథోప్రిమ్. వీటితో ఒంటిమీద దద్దుర్లతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు పడి, చర్మం ఊడటం మొదలైతే మందు ఆపి అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు చెవి సంగతి. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఎన్నో కోట్ల ఏళ్ల కిందట విడిగా బతికిన బ్యాక్టీరియాలే. ఏదో కణంలో చేరి అక్కడే ఉండిపోయాయని శాస్త్రజ్ఞులు చెప్తారు. వాటి రైబోజోములకు ఇప్పటికీ ఆ పుట్టింటి పోలికలు పోలేదు. కాబట్టి బ్యాక్టీరియా రైబోజోముకు గురిపెట్టిన మందు ఒక్కోసారి మన మైటోకాండ్రియాకు కూడా తగులుతుంది. జెంటామైసిన్, అమికాసిన్, క్షయకు మొదటి మందైన స్ట్రెప్టోమైసిన్ ఈ కోవలోవి. ఇవి కడుపులోంచి ఒంటికి పట్టవు, సూదిగానే ఇవ్వాలి. లోపలికి వెళ్లాక మూత్రపిండాల్లోనూ లోపలి చెవి ద్రవంలోనూ పేరుకుంటాయి. మందు ఆపితే మూత్రపిండం సాధారణంగా కోలుకుంటుంది. చెవిలో శబ్దాన్ని అందుకునే కణాలు మాత్రం ఒకసారి చచ్చిపోతే తిరిగి పుట్టవు. గుయ్‌మనడం, నడకలో తూలడం మొదటి సూచనలు. వేడి అనుకుని మజ్జిగ తాగుతూ మిగతా సూదులు పూర్తిచేస్తే ఆ వినికిడి ఇక రాదు. మైటోకాండ్రియాలో ఒక మార్పు ఉన్న కుటుంబాల్లో ఒకట్రెండు సూదులకే చెవుడు రావచ్చు. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. మీ అమ్మ తరఫున ఎవరికైనా సూదిమందు తర్వాత చెవుడొచ్చిందని విని ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. జెంటామైసిన్‌తో పాటు డైక్లోఫెనాక్ నొప్పి సూది కూడా వేసే అలవాటు పల్లెల్లో ఉంది. రెండూ మూత్రపిండానికి భారమే. వయసు మళ్లినవారికీ, షుగరు ఉన్నవారికీ, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవారికీ ఆ జంట వద్దు.

అజిత్రోమైసిన్ కూడా రైబోజోము మందే. కరోనా రోజుల్లో అది లేని ఇల్లు లేదు. వైరస్‌ని అది ఏమీ చేయదని తేలాక కూడా గొంతు గరగరమంటే చాలు, మూడు బిళ్లల పెట్టె అడిగి తీసుకుంటున్నారు. పేగుల కదలికను ఇది రెచ్చగొడుతుంది, కడుపు పట్టేసినట్టు నొప్పి అందుకే. గుండె విద్యుత్తు లయను కొంచెం సాగదీస్తుంది. గుండె జబ్బుకు మందులు వాడేవారు ఆ మాట ముందే చెప్పాలి. మూడు రోజులకే కోర్సు అయిపోవడానికి కారణం ఆ తర్వాత చాలా రోజులు కణాల్లో నిలవ ఉండటం. ఆ నిలవే, తగ్గుతూ తగ్గుతూ, క్రిములకు మందును తట్టుకునే అభ్యాసం ఇస్తుంది.

"సాసిన్" అని ముగిసే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్‌లది ఇంకో దారి. బ్యాక్టీరియా తన డీఎన్ఏ మెలికలు విప్పుకోవడానికి వాడే ఎంజైముని ఇవి పట్టేస్తాయి. 1980ల చివర్లో సిప్రో వచ్చినప్పుడు టైఫాయిడ్‌కి ఇక తిరుగులేదనుకున్నారు. ఇవాళ మన దేశంలో టైఫాయిడ్ క్రిమి చాలావరకు దాన్ని లెక్కచేయడం లేదు. ఇక దుష్ఫలితాలకొస్తే, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు దెబ్బతినడం ముఖ్యమైనది. మడమ వెనక లావుపాటి నరం అని మనం పిలిచేది అలాంటి స్నాయువే. నడుస్తుండగా ఫట్‌మని తెగిపోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల పెట్టెల మీద పెద్ద హెచ్చరిక వేయించింది. అరవై దాటినవారికీ, స్టెరాయిడ్ వాడేవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. జ్వరం తొందరగా దిగడానికని "సాసిన్" బిళ్లకు తోడు డెక్సా అనే స్టెరాయిడ్ బిళ్ల కూడా కవర్లో వేసి ఇస్తున్నారంటే ఆ రెండు పేర్లూ ఎందుకు తెలియాలో చూడండి. షుగరు బిళ్లలు వాడేవారికి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు కూడా. గుడివాడ వైపు పెళ్లి భోజనం తిని విరేచనాలు పట్టుకున్న మనిషికి మొదట ఇచ్చేది ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్ల. నూటికి ఎక్కువపాళ్లు విరేచనాలు దాని అవసరమే లేకుండా ఓఆర్ఎస్‌తో తగ్గుతాయి. ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్ నోటికి లోహపు చేదు తెస్తాయి. వాటితో పాటు మద్యం ముట్టుకోకూడదు.

క్షయ మందుల గురించి ఒక్క మాట. రిఫాంపిసిన్ మింగితే మూత్రం, చెమట నారింజ రంగుకు మారుతాయి. అది మందు రంగు, రక్తం కాదు. ఆ భయంతో మానేసేవారున్నారు, మానకూడదు. కళ్లు పచ్చబడితే, ఎథాంబుటాల్ వాడుతూ చూపు మసకబారితే మాత్రం ఆగకుండా టీబీ కేంద్రానికి వెళ్లాలి.

పేరు తెలుసుకునే దారి సులువే. బిల్లు అడగండి, అందులో పేరు, బ్యాచి నంబరు, గడువు అచ్చవుతాయి. చాలా యాంటీబయాటిక్కులు 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. వాటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా ఇవ్వనని షాపతను అంటే కోపం తెచ్చుకోకండి, అతను చట్టం పాటిస్తున్నాడు.

క్లోరాంఫెనికాల్‌ని కావాలనే ఇంతదాకా అట్టేపెట్టాను, ఎందుకంటే అది మనల్ని నేరుగా రొయ్యల చెరువు గట్టుకు తీసుకెళ్తుంది. క్లోరోమైసెటిన్ పేరుతో ఒకప్పుడు టైఫాయిడ్‌కి ఇదే దిక్కు. ఇదీ రైబోజోము మందే. 25 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికి ఎముక మజ్జ ఎండిపోయి రక్తం తయారవడం ఆగిపోతుందని వైద్యగ్రంథాల అంచనా. ఎవరికి వస్తుందో ముందు తెలియదు, మోతాదుతోనూ నిమిత్తం లేదు. "ఇంతవరకు ఫర్వాలేదు" అని గీత గీయడానికి వీలులేదు కాబట్టి ఆహారంలో ఇది అసలు ఉండకూడదన్నారు. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను, బంటుమిల్లి చెరువుల రొయ్య విదేశీ రేవులో దిగినప్పుడు వెతికేవాటిలో ఇదొకటి, నైట్రోఫ్యూరాన్లనే యాంటీబయాటిక్కులు ఇంకొకటి. కిలో రొయ్యలో ఒక మైక్రోగ్రాములో మూడోవంతు ఉన్నా పరికరం పట్టేస్తుంది. ఐరోపా సమాఖ్య 2016లో మన చెరువు రొయ్యల సరుకులో తనిఖీని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచింది.

సరుకు తిరిగొచ్చిన రైతు "నేనేమీ వేయలేదండీ" అంటాడు. చాలాసార్లు నిజమే చెప్తాడు. టెక్నీషియన్ చెప్పాడని మేతలో కలిపిన పొడి సంచీ మీద ఏముందో ఎవరూ చదవలేదు, చదువుదామన్నా అందులో ఏముందో రాయలేదు. రంగు బొమ్మ, "గట్ టానిక్" అనే మాట, అంతే. రొయ్యల తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఏ యాంటీబయాటిక్ వేసినా డబ్బు నీళ్లపాలు. రొయ్యలను పట్టే విబ్రియో బ్యాక్టీరియానే గానీ, దానికోసం మేతలో మందు కలిపితే జబ్బుపడి మేత మానేసిన రొయ్య ఆ మందు తినదు. ఆరోగ్యంగా ఉన్నది తింటుంది. మిగిలింది అడుగు బురదలో చేరి, నీళ్లు మార్చినప్పుడు డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి పక్క చెరువుకి పోతుంది. మందుకు తట్టుకునే గుణాన్ని బ్యాక్టీరియాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి, చెరువులోది, మన పేగులోది అనే తేడా చూసుకోవు. పట్టుబడికి ముందే శాంపిలు ఇస్తే, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా ప్రయోగశాలలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. అంతకంటే ముందు, పేరూ లోపలి పదార్థాలూ లేని సంచీని గట్టు ఎక్కనివ్వకుండా ఉండటం రైతు చేతిలోని పని.

ఇంతవరకు చెప్పిన మందులన్నీ విఫలమైన రోగికి ఐసీయూలో చివరిగా తీసేది కొలిస్టిన్. బ్యాక్టీరియా పైపొరనే చీల్చే పాత మందు. మూత్రపిండాలను చెడగొడుతోందని 1970ల్లో డాక్టర్లు పక్కన పెట్టేశారు. మిగతావి పనిచేయడం మానేశాక వేరే దారిలేక మళ్లీ తీశారు. ఇప్పుడు అది ఎక్కిస్తూ రోజూ క్రియాటినిన్ చూసుకుంటూ, అవసరమైతే డయాలిసిస్‌కీ సిద్ధపడి వాడుతున్నారు. దీన్నే కోళ్లకూ చేపలకూ పెరుగుదల కోసం మేతలో కలిపేవారు. 2015లో చైనాలో పందుల నుంచి మనుషులకు పాకగల కొలిస్టిన్ నిరోధక జన్యువు బయటపడింది. మన ప్రభుత్వం 2019 జూలైలో పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో ఆ మందును నిషేధించింది. మీ మేత సంచీల మీద, టానిక్ డబ్బాల మీద ఆ పేరు కనిపిస్తే కొనకండి, ఔషధ తనిఖీ అధికారికి చెప్పండి.